ఫోనులో చెప్పిన కొలత

అద్దాలాయనకి లోకంలో రెండు రకాల మనుషులంటే పడేది కాదు. కొలతలు ఫోనులో చెప్పేవాళ్ళు ఒక రకం. మిగతావాళ్ళంతా రెండో రకం.

ఆయన షాపు పెద్ద రోడ్డు మీద, మూల నుంచి రెండో షట్టరు. లోపల గోడలకి ఆనించి అద్దాలు పుస్తకాల్లా వరసగా నిలబడి ఉండేవి. ఒకదానికొకటి రాసుకుని గీతలు పడకుండా ప్రతి రెండింటి మధ్యా ఒక కాగితం. నడుమ, పాత దుప్పటి పరిచిన కోత బల్ల. వెనకగదిలో అంచులు రుద్దే యంత్రం. అది నడుస్తుంటే నీళ్ళు చిమ్ముతూ పళ్ళు జివ్వుమనే చప్పుడు చేసేది. ఆ చప్పుడుకి పైన ఆయన గొంతు వినిపించేది. గోడమీద సొంత చేత్తో రాసుకున్న బోర్డు ఒకటి ఉంది. 'ఫోనులో కొలతలు తీసుకోము. అడగొద్దు.'

అయినా అడిగేవాళ్ళు.

"రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తండీ. రేపటికి కోసి ఉంచండి."

"కొలిచిందెవరు?"

"నేనేనండీ."

"దేంతో?"

"స్కేలుతో. మా అమ్మాయిది."

"ఆ స్కేలు మీ అమ్మాయి లెక్కలకి పనికొస్తుంది, నా అద్దానికి పనికిరాదు. కిటికీ ఎక్కడుందో చెప్పు, వచ్చి కొలుచుకుంటా."

"మీకెందుకండీ శ్రమ..."

"నా శ్రమ సంగతి నీకెందుకు? అద్దం ఒకసారి తెగిందంటే మళ్ళీ అతకదు. చూడకుండా కోసేవాడు కావాలంటే వేరే షాపు చూసుకో!"

ఫోను ఠక్కున పెట్టేసేవాడు. పని దగ్గర మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. ఆయన కోసిన అద్దం చట్రంలోకి కూర్చోలేదన్న మాట ఎవరి నోటా రాలేదు. వచ్చిన చిక్కల్లా, అద్దం దగ్గర పనికొచ్చిన ఆ మొండితనాన్ని ఆయన ప్రతి చోటికీ వెంటేసుకు తిరగడమే. పక్క షాపువాళ్ళతో, కరెంటు బిల్లు తెచ్చేవాడితో, పెళ్ళాం తరఫు చుట్టాలతో, ఒక్కోసారి వానతో కూడా.

అందరికంటే ముదిరిన తగువు ఎదురు మేడమీద ఆడిటరుతో.

ఆవిడ యాభై దాటిన మనిషి. కిటికీ కింద ఆవిడ బోర్డు. దాని మీద పేరు, చదువు, సభ్యత్వం నెంబరు. అద్దాలాయన ఆ బోర్డుని ఏనాడూ చదవలేదు. ఆయన చదివిందల్లా ఆవిడ ముఖాన్ని, అదీ చిట్లించుకున్న ముఖాన్ని. దానికి కారణం ఆయన షాపు ముందున్న నిలువెత్తు అద్దం. ఒక హోటలువాళ్ళు చెక్కుడు అంచులతో చేయించుకుని, తీసుకుపోకుండా వదిలేశారు. షాపుకి అందంగా ఉంటుందని ఆయన దాన్ని రోజూ మధ్యాహ్నం బయట గోడకి వాల్చి పెట్టేవాడు. ఎండ దానిమీద పడి, రోడ్డు దాటి, తిన్నగా ఆవిడ కిటికీలో దూరేది.

మొదటిసారి ఆవిడ దిగి వచ్చింది.

"ఆ అద్దం పక్కకి తిప్పండి. నా కళ్ళలో కొడుతోంది."

"ఎండ నేను తయారు చేయట్లేదమ్మా."

"ఎండ మీది కాదు, అద్దం మీది."

"అద్దం ఉన్నది నా గోడకి. మీకు కళ్ళు నొప్పెడితే కళ్ళ డాక్టరున్నాడు."

మర్నాడు ఆయన అద్దం కింద చెక్కముక్క పెట్టి ఇంకాస్త వెనక్కి వాల్చాడు. ఇప్పుడు ఎండ సరిగ్గా ఆవిడ కుర్చీ మీద పడుతోందని లెక్కగట్టుకుని లోలోపల సంబరపడ్డాడు. ఆవిడ ఊరి పరిపాలన ఆఫీసుకి ఫిర్యాదు చేసింది. అక్కణ్ణుంచి ఒకాయన వచ్చి, చూసి, తల పంకించి, ఇంటికో చిన్న అద్దం కొనుక్కుపోయాడు. చివరికి ఆవిడ దళసరి కర్టెన్లు వేసుకుంది. ఆ రోజు నుంచీ అద్దాలాయన నోట ఆవిడ పేరు కర్టెనమ్మ.

ఇదంతా ఇలా సాగుతుండగా ఒక ఉదయం పన్నుల ఆఫీసు మనిషి వచ్చి, షట్టరు మీద ఒక కాగితం అంటించి వెళ్ళాడు.

దాన్ని మొదట చదివింది ఆయన భార్య. మధ్యాహ్నం అన్నం కేరియరు తీసుకొచ్చి, అది చేతిలో పట్టుకునే ఆ కాగితం ముందు నిలబడిపోయింది.

"ఏమండీ, ఇదేంటి?"

"కాగితం."

"కాగితమని నాకూ కనిపిస్తోంది. అందులో ఏముందో చదివారా?"

"వాళ్ళ రాతలు చదవడానికి నాకేమైనా జీతమిస్తున్నారా?"

"వచ్చే నెలాఖరులోగా కట్టడమో, ఏదో ఒక ఏర్పాటు చేసుకోవడమో జరక్కపోతే షాపుకి సీలు వేస్తారట. యంత్రం వేలం వేస్తారట."

"వేసి చూడమను! నా సొమ్ము..."

"మీ సొమ్మెలా అవుతుంది? బిల్లు రాసిన ప్రతిసారీ పన్నని జనం దగ్గర వసూలు చేశారుగా. అది ఆఫీసుకి పోవాల్సింది. పోకుండా ఎక్కడాగింది?"

అద్దాలాయన వెనకగది వైపు చూశాడు. అది యంత్రంలో ఆగింది. దాన్ని కొన్న ఏడాది చేతిలో డబ్బు చాలక, పన్ను డబ్బు కాస్త అందులో సర్దాడు. వచ్చే దఫా కట్టేద్దామనుకున్నాడు. వచ్చే దఫాకి ఆ ముందటి దఫా సంగతి చెప్పాల్సి వస్తుందని అసలు లెక్కలు పంపడమే మానేశాడు. ఆపైన వడ్డీ, దానిపైన జరిమానా.

"ముందు ఉత్తరాలేమీ రాలేదా?" అంది భార్య.

"వచ్చాయి."

"ఏవీ?"

ఆయన గోడకి ఆనించిన అద్దాల వైపు గడ్డం ఆడించాడు. పన్నుల ఆఫీసువాళ్ళు మంచి దళసరి కాగితం వాడతారు. అద్దానికి అద్దానికి మధ్య పెట్టడానికి అంత బాగా కుదిరే కాగితం బజారులో దొరకదు. వచ్చిన నోటీసు వచ్చినట్టే, కవరుతో సహా, రెండద్దాల మధ్య పెట్టి సరుకుతోపాటు బయటికి పంపేశాడు మహానుభావుడు.

ఆవిడ కేరియరు బల్లమీద పెట్టి, గాజుపొడి దులిపి, స్టూలు మీద కూలబడింది.

"ఈ షాపు పోతే ఏం చేస్తారు? ఒకరి దగ్గర పనికి చేరగలరా? చేరినా, మీ నోటికి పొద్దున చేరితే మధ్యాహ్నానికి తరిమేస్తారు."

ఉన్నట్టుండి ఆయనకి యంత్రం చప్పుడు ఆగిపోయినట్టనిపించింది. నిజానికి అది పొద్దుట్నుంచీ నడవడం లేదు.

"ఎదురుగా ఆడిటరమ్మ ఉంది. వెళ్ళి అడుగుదాం" అందావిడ.

"కర్టెనమ్మ మెట్లెక్కడమా? అంతకంటే షాపుకి నేనే సీలు వేసుకుంటా!"

సాయంత్రానికి బావమరిది ఊడిపడ్డాడు. భార్యకి తమ్ముడైన ఈయనకి ప్రతి ఆఫీసులోనూ ఒక తెలిసినవాడు ఉండేవాడు; ఆ తెలిసినవాడు మాత్రం ఎప్పుడూ సెలవులో ఉండేవాడు.

"బావా, నువ్వు బెంగపడకు. పన్ను బాకీలు మాఫీ చేయించే ఆయనున్నాడు. మామూలు మనిషి కాదు. పెద్దపెద్దవాళ్ళ కేసులే ఆయన చేతిలో ఆవిరైపోయాయి."

"ఆయన ఆడిటరా? వకీలా?" అంది అక్క.

"అబ్బా, అక్కా! అలాంటి చిన్నచిన్న చదువులు కాదు. ఆయన కన్సల్టెంటు."

బావమరిది ఫోను కలిపి చేతికిచ్చాడు. అవతలి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"సార్, మీ బాధ నాకర్థమైంది. మీలాంటి కష్టజీవుల్ని ఈ ఆఫీసువాళ్ళు పీక్కుతింటున్నారు సార్."

"అదీ మాట!" అన్నాడు అద్దాలాయన. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి ఆయన పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఇతనే.

"బాకీలో పావు వంతు కడితే చాలు సార్. మిగతాది మాఫీ. నాదీ పూచీ."

"నోటీసు పంపించమంటారా?"

"ఎందుకు సార్ మీకా శ్రమ? ఇలాంటివి కొన్ని వందలు చూశాను. బయానా మాత్రం ఈ రోజే పంపండి, రేపు రేటు మారుతుంది."

పక్కనే నిలబడ్డ భార్య గోడమీద బోర్డు వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. ఏదో అనబోయింది గాని, ఆయన అప్పటికే గల్లా పెట్టె తెరుస్తున్నాడు. బయానా బావమరిది చేతికిచ్చి, అతను చూపించిన రెండు తెల్లకాగితాల కింద సంతకాలు చేశాడు. కాగితాల పైభాగం ఎందుకు ఖాళీగా ఉందని అడగలేదు. తన మాట కాదననివాడు దొరికిన ఆనందంలో ఆ రాత్రి చాన్నాళ్ళకి గురకపెట్టి నిద్రపోయాడు.

తర్వాత తేనెగొంతు పల్చబడుతూ వచ్చింది. మొదట "పని నడుస్తోంది సార్" అంది. ఆనక "మీటింగులో ఉన్నాను" అంది. ఆపైన మోగడమే తప్ప ఎత్తడం లేదు. గడువు దగ్గరపడ్డాక పన్నుల ఆఫీసు మనిషి మళ్ళీ వచ్చి, టేపు తీసి, షట్టరు అడ్డంగా నిలువుగా కొలవడం మొదలుపెట్టాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"సీలుకి పట్టీ ఎంత పొడుగు కావాలో చూసుకుంటున్నానండీ."

"నా తరఫున కన్సల్టెంటు మీ ఆఫీసులో అర్జీ పెట్టాడు! కనుక్కో ముందు!"

"మీ ఫైలు నా చేతిలోనే ఉందండీ. మీ తరఫున ఎవరూ ఏ కాగితమూ పెట్టలేదు."

బావమరిది మెడ పట్టుకుని మరీ కన్సల్టెంటు ఆఫీసుకి తీసుకెళ్ళాడు అద్దాలాయన. లోపల అడుగుపెట్టగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయి. గదికి అడ్డంగా పెట్టిన అద్దం చట్రానికి వేలెడు పొట్టిగా ఉంది. ఆ సందులో మడతపెట్టిన కాగితాలు కుక్కి ఉన్నాయి.

"ఈ అద్దం ఎవడు కోశాడు?" అన్నాడు, వచ్చిన పని మరిచిపోయి.

"ఫోనులో కొలత చెప్పి తెప్పించుకున్నాం సార్. ఎందుకు?" అన్నాడు తేనెగొంతు మనిషి. దగ్గర్నుంచి చూస్తే గొంతులో తప్ప ఇంకెక్కడా తీపి లేదు.

"నా కేసేమైంది?"

"మేం సలహాలిస్తాం సార్. ఆఫీసులో హాజరు కావడం మా పని కాదు. దానికి అర్హత ఉన్నవాళ్ళు వేరే ఉంటారు. మీరు సంతకం పెట్టిన దాంట్లో అంతా రాసుంది."

"నేను సంతకం పెట్టినప్పుడు దాంట్లో అక్షరమ్ముక్క లేదు!"

"ఇప్పుడుంది సార్."

ఆ తర్వాత అక్కడ జరిగిన సంభాషణ అచ్చువేయడానికి తగినది కాదు. బయానా తిరిగి రాలేదు. అద్దాలాయన పోలీసు ఫిర్యాదు రాసిచ్చి, బావమరిదితో ఒక్క ముక్క మాట్లాడకుండా షాపుకొచ్చి కూర్చున్నాడు.

భార్య అంతా విని, మెల్లిగా అంది.

"ఇన్నేళ్ళుగా ఊరందర్నీ తిట్టారు, చూడకుండా కోసేవాడి దగ్గరికి పోతే బుద్ధిలేదని. ఆఖరికి మీరు కోయించుకున్నది మాత్రం ఫోనులోనే."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఎదురుగా ఉన్న అద్దాలన్నింటిలోనూ ఆయనే కనిపిస్తున్నాడు. ఎటు తిరిగినా ఒకే ముఖం.

"కర్టెనమ్మ ఉందంటావా ఇప్పుడు?" అన్నాడు చివరికి.

"ఆవిడెప్పుడూ ఉంటుంది. మీ ఎండకి ఎక్కడికి పోతుంది?"

ఆడిటరు ఆఫీసులో పట్టపగలు దీపం వెలుగుతోంది. కర్టెన్ల అంచుల్లోంచి సన్నటి వెలుగు చార ఒకటి లోపలికి దూరి బల్లమీద గీత గీసినట్టుంది. అది తన వెలుగేనని అద్దాలాయన గుర్తుపట్టాడు. ఆవిడా అదే చూస్తూ ఉంది.

"ఏంటి ఇలా వచ్చారు? ఎండ సరిగ్గా పడుతోందో లేదో చూసుకుందామనా?"

"పన్ను నోటీసొచ్చింది."

"తెలుసు. మీ షట్టరు మీద ఉన్నది ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది. నేను కర్టెను తీసినప్పుడు."

కూర్చోమనలేదు. ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒకసారి చెయ్యి కాలింది కాబట్టి ఈసారి అనుమానంగానే మొదలుపెట్టాడు.

"ముందు నాకొకటి తెలియాలి. మీరు నిజంగా ఆడిటరేనా? బోర్డులు ఎవరైనా రాయించుకోవచ్చు."

వెంట వచ్చిన భార్య నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. ఆడిటరు మాత్రం ఒక చీటీ మీద నెంబరు రాసి ముందుకి తోసింది.

"ఇది నా సభ్యత్వం నెంబరు. మా సంఘం వాళ్ళ ఆఫీసుకి ఫోను చేసి కనుక్కోండి. నా మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయేమో కూడా అడగండి. ఇక్కడ కాదు, బయటికెళ్ళి చేయండి. ఈ ప్రశ్న ఆ కన్సల్టెంటునీ అడిగుంటే బాగుండేది."

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

"మీరు షాపులో అరిస్తే ఈ వీధికంతా తెలుస్తుంది."

ఆయన వరండాలోకి వెళ్ళి ఫోను చేశాడు. నెంబరు నిజమే, మనిషి నిజమే, ఫిర్యాదులు లేవు. ఆఖరి ముక్క విని ఆయనకి కొంచెం నిరాశ కలిగింది. లోపలికొచ్చి కూర్చున్నాడు.

"సరే. ఎంత తగ్గిస్తారు?"

"చెప్పలేను."

"ఉజ్జాయింపుగా?"

"కాగితాలు చూడకుండా ఉజ్జాయింపు కూడా చెప్పను. చూశాక కూడా బహుశా అసలు బాకీ తగ్గదు. జరిమానా సంగతి కారణాన్ని బట్టి ఉంటుంది. వాయిదాలు అడగొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ళిష్టం."

"ఆయన పావు వంతన్నాడు!"

"అయితే అక్కడికే వెళ్ళండి."

ఇంకొకరైతే ఈ మాటకి లేచి వెళ్ళిపోయేవారు. అద్దాలాయన కుర్చీలోంచి సగం లేచాడు కూడా. కానీ ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. చూడకుండా కోసేవాడు కావాలంటే వేరే షాపు చూసుకో. మాట తనదే, గొంతు మాత్రం వేరే. పక్కన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

"ఫీజెంత?"

"కాగితం మీద రాసిస్తాను. ఏ పనికి ఎంతో. తగ్గినదాంట్లో వాటా ఉండదు. ఆఫీసుకి నేనే వస్తాను, ఇంకొకర్ని పంపను. మీ తరఫున మాట్లాడే అధికారం ఇస్తున్నట్టు సంతకం పెట్టాలి. ఇంటికి తీసుకెళ్ళి, మీవిడ చేత చదివించి, అప్పుడు పెట్టండి. నా దగ్గర అబద్ధం ఆడితే ఆ నిమిషమే ఫైలు తిరిగిచ్చేస్తా."

ఆయన ఎదురుచూస్తున్నది ఇంకా రాలేదు. ఆవిడ చెప్పడం ఆపేసింది.

"మరి... అద్దం సంగతి?"

"ఏ అద్దం?"

"అదే, నా అద్దం. తీసేస్తేనే కేసు చూస్తానంటారనుకున్నా."

"అది వేరే గొడవ, దాన్ని దీంట్లో కలపను" అందావిడ చల్లగా. "దాని మీద కోర్టుకెళ్తున్నాను. మీ ఇష్టమొచ్చిన వకీలుని పెట్టుకోండి."

మెట్లు దిగుతూ అద్దాలాయన గొణిగాడు. "ఎంత పొగరు చూశావా?"

"చూశాను" అంది భార్య. "ఇద్దరిదీ."

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. ఆవిడ అడిగిన ప్రతి కాగితానికీ ఆయన ఒక కారణం చెప్పేవాడు, ఆవిడ ఆ కారణాన్ని అక్కడే విరిచేసేది. "మొదటి నోటీసు మీకెప్పుడు అందింది?" అంటే, చాలా ఆలస్యంగా, ఎక్కడెక్కడో తిరిగి వచ్చిందన్నాడు. పాత షాపు చిరునామాకి పంపారట. షాపు మారినట్టు ఆయన అప్పటికే ఆఫీసుకి రాసిచ్చాడట.

ఆవిడ కళ్ళజోడు తీసింది. "దానికి రుజువుందా?"

"రాసిచ్చినదానికి రసీదుంది. కవరు మీద పాత చిరునామా కూడా ఉంటుంది. కాకపోతే కవరు..."

"కవరు?"

"సెలూనులో ఉంది. మూడు అద్దాలు పంపా. వాటి మధ్య."

"ఇన్నేళ్ళలో రకరకాల క్లయింట్లని చూశాను. నోటీసులు చింపినవాళ్ళున్నారు, కాల్చినవాళ్ళున్నారు. సరుకులో చుట్టి అమ్మేసినవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా. వెళ్ళి తీసుకురండి. కవరు దొరికితే జరిమానా గురించి మాట్లాడటానికి నాకొక మాట దొరుకుతుంది. దొరక్కపోతే లేదు."

సెలూను ఆయనతో అద్దాలాయనకి మాటల్లేవు. అద్దాలు బిగించే రోజున టేపు కొస పట్టుకోమని ఇస్తే అతను వంకరగా పట్టుకున్నాడని, "టేపు పట్టడం రాదు, కత్తెరెలా పడుతున్నావయ్యా?" అని నలుగురిలో అనేశాడు. ఇప్పుడు అదే గుమ్మంలో నిలబడ్డాడు.

"కాగితాల కోసమేగా?" అన్నాడు సెలూను ఆయన, చేతిలో పని ఆపకుండా. "అదిగో, గోడకి మేకు కొట్టి తగిలించా. పేపరు రాని రోజు మా కస్టమర్లు అదే చదువుకుంటారు."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"కవరు?"

"అదీ ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు. రోడ్డు మీద మీ కేకలు వినబడ్డప్పుడల్లా తీసి చూసుకుని చల్లబడుతుంటా."

"ఇటివ్వు."

"గడ్డం పెరిగినట్టుంది. కూర్చోండి."

గత్యంతరం లేక కూర్చున్నాడు. నురగ పట్టించి, కత్తి గొంతు మీద ఆనించాక, అద్దంలోంచి చూస్తూ సెలూను ఆయన నింపాదిగా అడిగాడు. "ఆ రోజు నన్నేమన్నారు? సరిగ్గా గుర్తులేదు."

కత్తి కదల్లేదు. బెంచీ మీదవాళ్ళు ముందుకి వంగారు.

"తప్పయింది" అన్నాడు అద్దాలాయన, పెదాలు కదిలీ కదలకుండా.

"అంతే కదా!" అని సెలూను ఆయన పని పూర్తిచేసి, కవరు ఇచ్చి, గడ్డానికి డబ్బులు తీసుకుని, బిల్లు కూడా రాసిచ్చాడు. "పన్నుతో సహా" అన్నాడు పైగా.

విచారణ రోజున పన్నుల ఆఫీసు మెట్ల దగ్గర ఆడిటరు ఆయన్ని ఆపింది.

"లోపల మీకు మూడే మాటలు. అవును, కాదు, తెలియదు. నాలుగోది వచ్చిందంటే నేను లేచొచ్చేస్తా."

అధికారి ఎదురుగా కూర్చుంటే, అద్దాలాయన నాలుక మీదకి ఎన్ని మాటలొచ్చాయో ఆయనకే తెలియాలి. అధికారి విసుగ్గా ఫైలు తిప్పాడు.

"జనం దగ్గర పన్ను వసూలు చేశారా?"

ఇన్నాళ్ళూ ఆయన ఎవరికీ, తనకి కూడా, తిన్నగా చెప్పుకోని సంగతి అది. ఆడిటరు ఆయన వైపు చూడలేదు. సాయం చేయలేదు.

"అవును."

"దాన్ని మీ వ్యాపారంలో వాడుకున్నారా?"

"అవును."

"మరి మమ్మల్ని కనికరించమని ఎలా అడుగుతున్నారు?"

ఇక్కడ ఆవిడ అందుకుంది. కనికరం అడగడం లేదంది. అసలూ వడ్డీ కడతారంది. చిరునామా మార్పు రసీదు, పాత చిరునామాతో ఉన్న కవరు బల్లమీద పక్కపక్కన పెట్టింది. మొదటి నోటీసు తిరిగి తిరిగి చేరేసరికి గడిచిన కాలానికి జరిమానా ఎలా వేస్తారో చూపించమంది. షాపుకి సీలు వేస్తే యంత్రం ఎంతకి పోతుందో, షాపు నడిస్తే వాయిదాల్లో ఎంత వస్తుందో, రెండు లెక్కలూ ముందు పెట్టింది. మాటలో తేనె చుక్క కూడా లేదు. అధికారికి ఆవిడంటే ఇష్టమున్నట్టు కూడా లేదు. కానీ ఆవిడ మాట్లాడినంతసేపూ ఆయన రాసుకుంటూనే ఉన్నాడు.

కవరు మీద నురగ మరక ఒకటుంది. అదేమిటని అధికారి అడగలేదు.

పావు వంతు మాఫీ లాంటిదేమీ జరగలేదు. అసలూ వడ్డీ పూర్తిగా కట్టాల్సిందే. జరిమానాలో ఒక ముక్క తగ్గింది. మిగతాదానికి వాయిదాలు, ఒక్క వాయిదా తప్పినా సీలు. మొదటి వాయిదా మాత్రం వెంటనే, ఆ వారంలోనే. షాపు దక్కింది. యంత్రం దక్కింది.

"ఇంతేనా?" అన్నాడు అద్దాలాయన బయటికొచ్చాక.

"ఇంతే. ఇంతకంటే ఎక్కువ ఇస్తానన్నవాడి ఆఫీసు మీకు తెలుసుగా" అని ఆవిడ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

మొదటి వాయిదాకి చేతిలో ఉన్నది చాలలేదు. షాపులో వెంటనే డబ్బయ్యేది ఒక్కటే ఉంది. బయట గోడకి వాల్చిన నిలువెత్తు అద్దం. దాన్ని అడిగినవాళ్ళు ఇదివరకు చాలామందే ఉన్నారు. కర్టెనమ్మ మీద పంతంతో ఆయనే అమ్మలేదు. ఇప్పుడొక బట్టల షాపువాళ్ళు బండి తెచ్చి తీసుకెళ్ళారు. బండి కదులుతుంటే ఎండ ఆ అద్దం మీద చివరిసారి తళుక్కుమని, వీధి గోడల మీదుగా పాకి మాయమైంది. ఆయన చెక్కముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు ఎదురు మేడమీద కర్టెన్లు తెరుచుకున్నాయి.

అద్దాలాయన దాన్ని పట్టించుకోనట్టు నటించాడు. ఒకాయనకి చిన్న అద్దం కోసిచ్చి, డబ్బులు తీసుకుని, గల్లా పెట్టెలో వేయబోతున్నాడు.

"బిల్లు!"

గొంతు ఆకాశంలోంచి వచ్చినట్టుంది. తలెత్తాడు. కిటికీలో ఆవిడ, చేతిలో టీ కప్పుతో.

"రాస్తున్నా!" అని అరిచాడు.

"చెయ్యి గల్లా పెట్టె మీదుంది, బిల్లు పుస్తకం మీద లేదు!"

కొన్నాయన నవ్వాపుకుంటూ బిల్లు కోసం నిలబడ్డాడు. పళ్ళు కొరుకుతూ రాసిచ్చాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వెనకగదిలో యంత్రం పూర్తి చప్పుడుతో నడుస్తున్నా ఆ ఒక్క మాట మాత్రం ఎలా వినబడేదో ఆయనకి అంతుబట్టేది కాదు. వీధిలో ఆయన కంటే పెద్ద గొంతు ఇంకొకటుందని ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియదు, పాపం.

ఓ మధ్యాహ్నం ఆయన బోర్డు కిందే నిలబడి, భార్యకి వినబడకుండా అటు తిరిగి, మేడమీదకి ఫోను చేశాడు. గొంతులో ఎక్కడలేని మంచితనం తెచ్చుకున్నాడు.

"మేడం, మీ కిటికీకి రంగు అద్దం వేద్దామనుకుంటున్నా. ముదురు రంగు. లోపల్నుంచి బయటికేమీ కనబడదు, హాయిగా ఉంటుంది. డబ్బులొద్దు."

"నాకిప్పుడు ఎండేం పడటం లేదే?"

"పడొచ్చు. ముందుజాగ్రత్త. మీకు శ్రమెందుకు, కొలత ఫోనులోనే చెప్పేయండి, చాలు."

రోడ్డుకి అటువైపు, కిటికీలో ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆయన తలమీదున్న బోర్డుని పైకే చదవడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఆయన భార్య నవ్వు వినిపించింది.